ఆర్డర్ల మధ్య పెరిగే పిల్లలు

జర్మనీలో బవేరియా రాష్ట్రపు తూర్పు వైపున, చెక్ సరిహద్దుకు అంత దూరం కాని చోట, విల్సెక్ అనే చిన్న పట్టణం ఉంది. దానిని ఆనుకునే అమెరికా సైన్యపు రోజ్ బ్యారక్స్ ఉన్నాయి. మావారు పనిచేస్తున్న రెండో కావల్రీ రెజిమెంట్ 2006 నుంచి ఇక్కడే ఉంటోంది. ఆయన హైదరాబాదులో డిగ్రీ చేసి, పై చదువుకని అమెరికా వెళ్లి, సైన్యానికి అవసరమైన భాషలు వచ్చిన విదేశీయులను చేర్చుకునే మావ్ని పథకం కింద, తనకు వచ్చిన హిందీ పుణ్యమా అని సిపాయి అయ్యారు. 2008లో ప్రకటించిన ఆ పథకం 2016లో ఆగిపోయింది. ఆ కొద్ది ఏళ్లలో ఆ దారిన సైన్యంలో చేరిన భారతీయ విద్యార్థులలో ఆయన ఒకరు.

గుంటూరు వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్లు నన్ను ఒకటే అడుగుతారు: చంటిపిల్లలతో, పరాయి దేశంలో, మొగుడు ఎప్పుడు ఇంట్లో ఉంటాడో తెలియకుండా ఎలా నెట్టుకొస్తున్నావమ్మా అని. నిజానికి రోజువారీ సౌకర్యాల విషయంలో మాకు పెద్ద లోటు లేదు. క్వార్టర్స్ ఉన్నాయి, సరుకులకు కమిసరీ ఉంది, పిల్లల వైద్యానికి చేతినుంచి పెట్టవలసింది దాదాపు ఏమీ ఉండదు, నాటో దేశాలు 1951లో చేసుకున్న ఒప్పందం ప్రకారం మాకు జర్మనీలో నివాస అనుమతి కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే పని కూడా లేదు. కష్టమంతా తేదీల దగ్గర ఉంది. బయలుదేరే తేదీ మారుతుంది, తిరిగివచ్చే తేదీ మారుతుంది, తర్వాతి పోస్టింగ్ ఎక్కడో ఆర్డర్లు చేతికి వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. పెద్దవాళ్లు దీనికి ఎలాగో అలవాటుపడతారు. మూడేళ్ల పిల్లకు ఇది ఎలా చెప్పాలన్నదే మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించిన విషయం.

మా పద్ధతి ఒక్కటే. తెలిసినంత వరకు పిల్లలకు నిజమే చెబుతాము, తెలియనిది తెలియదనే చెబుతాము.

ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మన ఇళ్లలో ఆనవాయితీ వేరు. తండ్రి ఊరికి వెళుతున్నాడంటే పిల్లను పక్కింటికి పంపడమో, నిద్రపోయాక గడప దాటడమో, లేచి ఏడిస్తే ‘నాన్న బజారుకెళ్లాడు, చాక్లెట్ తెస్తాడు’ అనడమో మన పెద్దలకు మామూలు. అందులో ప్రేమే తప్ప మోసం లేదని నాకు తెలుసు. ఒక పూట ప్రయాణానికి, వారం ప్రయాణానికి అది సరిపోతుంది కూడా. నెలల తరబడి వెళ్లే తండ్రి విషయంలో మాత్రం అది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. బజారుకు వెళ్లిన మనిషి నెలలు గడిచినా రాకపోతే, ఆ తర్వాత అమ్మ బజారుకు వెళ్లినా ఆ పిల్ల భయపడుతుంది.

2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఈ రెజిమెంట్ నుంచి సుమారు వెయ్యి మందిని రుమేనియాకు పంపారు. మావారూ అందులో ఉన్నారు. అంతకుముందు, 2017 నుంచి, పోలండ్‌లో ఉంచిన నాటో దళంలో ఇక్కడి సైనికులు వంతులవారీగా పనిచేసి వచ్చేవారు. దానికి ముందస్తు సమాచారం ఉండేది, పవర్ ఆఫ్ అటార్నీ మొదలుకొని కారు టైర్ల దాకా అన్నీ నింపాదిగా సర్దుకునే వీలుండేది. ఈసారి ఆ వ్యవధి లేదు. అమ్మ ఫోనులో, ‘పిల్ల లేవకముందే అల్లుడుగారిని బయలుదేరమనవే, చూసిందంటే బెంగ పెట్టుకుంటుంది’ అంది. మేము మాత్రం పాపను లేపి, పాలు తాగించి, కిట్ బ్యాగులు వరుసగా పెట్టిన చోటికి తీసుకువెళ్లాము. ‘నాన్న పని మీద చాలా దూరం వెళుతున్నారు, ఎన్ని రోజులో మాకూ తెలియదు, పని అయ్యాక మనింటికే వస్తారు’ అని ఇద్దరమూ ఒకటే మాట చెప్పాము. ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. అయితే తర్వాత నాన్న ఏడని ఒక్కసారీ ఇల్లంతా వెతకలేదు, అది నాకు ఎంతో ముఖ్యం.

ఇక్కడి కుటుంబాలలో రంగు కాగితాల గొలుసు కట్టి, రోజుకో ముక్క తెంపుతూ తిరిగివచ్చే తేదీ దాకా లెక్క తగ్గించే అలవాటు బాగా ఉంది. నాకది నచ్చదు. సైన్యంలో తేదీ మారని సందర్భం అరుదు. చివరి ముక్క తెంపిన రోజున తండ్రి రాకపోతే ఆ పిల్లకు ఏం చెప్పాలి? అందుకే మేము తగ్గించే లెక్క కాకుండా పెంచే లెక్క పెట్టుకున్నాము. వామనగుంటలు ఆడుకోమని అమ్మ పంపిన చింతగింజలు ఒక సంచీ నిండా ఉండేవి. రోజూ రాత్రి పళ్లు తోముకున్నాక పాప ఒక గింజ తీసి, కొంగుతోనో గౌనుతోనో తుడిచి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసేది. గాజు సీసా అడుగున గింజ పడిన చప్పుడు విని, ‘ఈ రోజు అయిపోయింది’ అనేది. తేదీ ఎన్నిసార్లు మారినా ఆ లెక్క తప్పదు. ఆయన తిరిగివచ్చాక ఇద్దరూ సీసాను చాప మీద బోర్లించి, పదేసి చొప్పున కుప్పలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. పాపకు పదుల లెక్క వచ్చింది ఆ మధ్యాహ్నమే.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. సైనికులు ఎప్పుడు కదులుతున్నారో, ఎక్కడ ఉన్నారో బహిరంగంగా రాయకూడదన్నది కుటుంబాలకు కూడా వర్తించే నియమం. మన వాట్సాప్ గుంపుల సంగతి తెలిసిందే కదా. ఒక్క పెదనాన్నకు చెబితే సాయంత్రానికి విశాఖ నుంచి డల్లాస్ దాకా అందరూ శుభాకాంక్షలు పెడతారు. కాబట్టి అత్తయ్యగారికి కూడా తేదీ చెప్పలేని రోజులు ఉంటాయి. ఆవిడకు మొదట్లో అది కష్టంగానే తోచింది. కొడుకు క్షేమం కోసమని తెలిశాక, అడగడం ఆవిడే మానేశారు.

రాకడ కూడా పోకడంత జాగ్రత్తగా చూసుకోవలసిన విషయమే. బాబు పుట్టాక ఆయన మరోసారి విధుల మీద వెళ్లి వచ్చేసరికి వాడు పాకడం మాని నడుస్తున్నాడు. ఫోనులో రోజూ చూసిన ముఖమే అయినా, గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి నా కాళ్లకు చుట్టుకుపోయాడు. ఆ సమయంలో ‘నాన్నరా, వెళ్లు, ముద్దు పెట్టు’ అని పిల్లలను తోసే తొందర పెద్దవాళ్లకు ఉంటుంది. ఆయన మాత్రం బూట్లు విప్పుకుని నేల మీద కూర్చుని, వాడి వైపు చూడకుండా పాపతో చెక్కముక్కలు పేర్చుతూ ఉండిపోయారు. ఆ రాత్రి నుంచి వాడికి అన్నం తినిపించే పని ఆయనకు అప్పగించాను. మొదటి రెండు పూటలు నోరు తెరవలేదు. తర్వాత పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేసే చెయ్యి ఏదో వాడికి తెలిసిపోయింది.

పిల్లలకు ఇక్కడ వినిపించే చప్పుళ్ల గురించి కూడా చెప్పాలి. పక్కనే ఉన్న గ్రాఫెన్‌వోర్ శిక్షణా క్షేత్రంలో 1910లో బవేరియా రాజు సైన్యం మొదటి గుండు పేల్చినప్పటి నుంచి నేటి వరకు ఫిరంగుల సాధన సాగుతూనే ఉంది. పెద్ద తుపాకులు పేలిన రాత్రులు కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. వాటిని ఉరుములని చెప్పడం సులువే. కానీ ఆకాశం నిండా చుక్కలున్నప్పుడు ఉరుములెలా వస్తాయని నాలుగేళ్ల పిల్ల అడగకుండా ఉండదు. అది నాన్నావాళ్లు నేర్చుకునే చోటని, ఆ గుండ్లు మనుషులున్న వైపు పడవని చెప్పాము. ఇప్పుడు బాబుకు ఆ సంగతి వాళ్లక్కే చెబుతోంది.

బాబు పుట్టింది ఇక్కడే, దగ్గరలోని ఒక జర్మన్ ఆసుపత్రిలో. వైద్యం చాలా బాగుంది, ఆ మంత్రసానుల ఓపికకు ఎంత చెప్పినా తక్కువే. రాత్రి భోజనంగా మాత్రం రొట్టె, వెన్న, చల్లని జున్ను ముక్కలు పళ్లెంలో పెట్టి ఇచ్చారు, ఇక్కడ సాయంత్రపు తిండి అదే. బాలింతకు వేడివేడి అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి పెట్టే ఇంట్లో పెరిగిన నాకు ఆ పళ్లెం చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు అమ్మ స్టీలు క్యారియర్‌తో వచ్చింది.

అమ్మ రావడమే ఇక్కడ ఒక పెద్ద లెక్క. అమెరికాలో అయితే అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండి పురుడు, బారసాల, అన్నప్రాశన వరకూ చూసి వెళ్లడం మనవాళ్లకు మామూలే. జర్మనీ రావడానికి తీసుకునే షెన్‌గెన్ వీసాకు ఆ వెసులుబాటు లేదు. ఏ నూట ఎనభై రోజులలో లెక్కించినా తొంభై రోజులకు మించి ఉండడానికి వీల్లేదు. కాబట్టి తొమ్మిదో నెలలో పిలవాలా, పురుడయ్యాక పిలవాలా, ఆయన ఇంట్లో లేని నెలలకు దాచుకోవాలా అని క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చోవలసి వస్తుంది, అందులో సగం తేదీలు మా చేతిలో ఉండవు. అమ్మ ఉన్నన్నాళ్లూ బాబుకు నలుగు పెట్టి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ మాత్రం ఇంట్లో వేయనివ్వలేదు, క్వార్టర్స్‌లో ప్రతి గదికీ పొగ పసిగట్టే అలారం ఉంటుంది. ఎండ కాసిన పూట బాల్కనీలో వేసుకునేది. అమ్మ తిరుగు ప్రయాణాన్ని కూడా పాపకు ముందే చెప్పాము. తండ్రి వెళ్లినప్పటికంటే అమ్మమ్మ వెళ్లినప్పుడే ఎక్కువ ఏడ్చిందంటే చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఒకటి మాత్రం అమెరికాలో ఉన్నప్పటికంటే ఇక్కడ మేలు. ఇండియాకు, మాకు తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలే. పాప బడి నుంచి వచ్చి పాలు తాగే వేళకు గుంటూరులో నాన్నగారు భోజనానికి ఇంకా లేవరు. రోజూ తెలుగు వాచకం నాన్నగారే చదివిస్తారు. బడి ఇంగ్లీషు, ఆటస్థలం సగం జర్మన్ అయిన చోట మా పిల్లలకు గుణింతాలు వస్తున్నాయంటే ఆ అరగంటే కారణం.

విదేశాలలో ఉన్న సైనికుల పిల్లల కోసం అమెరికా రక్షణ శాఖ 1946 నుంచి జర్మనీలో బడులు నడుపుతోంది. పాప చదివేది అలాంటి బడిలోనే. ఏ పిల్లవాడి తండ్రి లేదా తల్లి ప్రస్తుతం ఇంట్లో లేరో టీచర్లకు తెలిసి ఉంటుంది, మామూలుగా పూర్తిచేసే లెక్కలు ఒక వారం పూర్తిచేయకపోతే దండించే ముందు ఆ సంగతి గుర్తుచేసుకుంటారు. ఏటా ఏప్రిల్‌ను సైనికుల పిల్లల నెలగా జరుపుతారు, 1986లో అప్పటి రక్షణ మంత్రి కాస్పర్ వైన్‌బర్గర్ మొదలుపెట్టిన ఆచారం అది. పిల్లలు ఊదారంగు బట్టలు వేసుకుని వెళతారు. మంచిదే, కానీ నాకు ఆ ఊదారంగు కంటే టీచరు గుర్తుపెట్టుకోవడమే ఎక్కువ విలువైనది.

ఇరుగుపొరుగు సంగతి చెప్పకపోతే ఇది సగం చెప్పినట్టే. ఇక్కడ అత్తలు, ఆడపడుచులు, పిన్నులు ఎవరికీ లేరు, అందుకే పొరుగువాళ్లే ఆ వరసలన్నీ పంచుకుంటారు. బాబుకు అర్ధరాత్రి జ్వరం కాసిన రోజు పాపను తన పిల్లల పక్కన పడుకోబెట్టుకున్నది టెక్సస్ నుంచి వచ్చిన ఎదురింటావిడ. నాకు కారు మంచులో నడపడం నేర్పింది ఆవిడే. నవంబరు 11న ఊళ్లో జర్మన్ పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకుని పాటలు పాడుతూ సాగే మార్టిన్ పండుగ ఊరేగింపుకు మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లిందీ ఆవిడే.

ఆ కుటుంబానికి కిందటి వేసవిలో ఆర్డర్లు వచ్చి వెళ్లిపోయారు. ఏటా వేసవిలో తరగతిలో కొన్ని కుర్చీలు ఇలాగే ఖాళీ అవుతాయి. కుటుంబంతో జర్మనీ పోస్టింగ్ మామూలుగా మూడేళ్లు, మేము పొడిగింపు తీసుకున్నాము కాబట్టి ఇంకా ఇక్కడ ఉన్నాము. పాప ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలను ‘మీరు ఎప్పటిదాకా ఉంటారు?’ అని మొదటే అడిగి, ఆ తర్వాత ఆటకు పిలుస్తుంది. అది విని కొందరు తల్లులు నొచ్చుకున్నారు. నాకు అందులో తప్పు కనబడలేదు, ఎందుకంటే జవాబు ఏదైనా అది ఆటకు పిలుస్తూనే ఉంది.

మా గడువు కూడా వచ్చే వేసవికి పూర్తవుతుంది. ఎక్కడికి వెళతామో ఇంకా తెలియదని పిల్లలిద్దరికీ చెప్పాము. సామాను ఓడలో వెళుతుందని, కొత్త చోట అది చేరడానికి నెలలు పట్టవచ్చని, అందాకా సైన్యం అరువిచ్చే మంచాల మీద పడుకోవాలని చెప్పాము. చేతి పెట్టెల్లో ఏం పెట్టుకోవాలో పాప ఇప్పటి నుంచే నిర్ణయిస్తోంది. అమ్మానాన్నలు హైదరాబాదులో వీసా దరఖాస్తుకు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఈసారి వాళ్ల తొంభై రోజులు సామాను కట్టే వారాలలోనే పడేలా చూస్తున్నాము. ఇల్లు గదికి గది ఖాళీ అవుతుంటే పిల్లలకు పక్కన అమ్మమ్మ, తాతయ్య ఉండాలి, కట్టే పనికి మాకు ఇంకో రెండు జతల చేతులూ కావాలి.