ఓటీపీ చెప్పలేదు, అయినా ప్లాను మారింది: నా అనుభవం

నల్లకుంటలోని మా ఫ్లాట్‌లో ఆరేళ్లుగా ఒకే సంస్థ ఇంటర్నెట్ వాడుతున్నాము. 100 ఎంబీపీఎస్ ప్లాను నెలకు 599 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 706 రూపాయల 82 పైసలు. ఒక మధ్యాహ్నం ఆ సంస్థ తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేసి, పాత కస్టమర్లకు వేగాన్ని ఉచితంగా 300 ఎంబీపీఎస్‌కు పెంచుతున్నామని, ఇప్పుడు వచ్చే ఓటీపీ చెబితే సాయంత్రానికల్లా కొత్త వేగం వస్తుందని చెప్పింది.

నాకు అనుమానం కలిగింది ఆ ఓటీపీ దగ్గరే. ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను తెరిచి చూస్తే అందులో ‘ప్లాను మార్పునకు అంగీకారం’ అని ఉంది తప్ప ‘ఉచితం’ అన్న మాట ఎక్కడా లేదు. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే కాబట్టి, కాగితం చదవకుండా సంతకం పెట్టలేనని అనిపించింది. “ఈ ధర ఎన్నాళ్లు ఉంటుందమ్మా?” అని అడిగాను. “ఇప్పుడైతే ఇదే ధర సార్” అంది. ఆ ‘ఇప్పుడైతే’ నా మనసులో నిలిచిపోయింది. వివరాలన్నీ ఈమెయిల్‌లో పంపమన్నాను. ఆఫర్ ఈ రోజుతో ఆఖరని ఆమె రెండుసార్లు చెప్పినా నేను ఓటీపీ చెప్పలేదు. ఫోన్ చేసింది మోసగాళ్లేమోనన్న సందేహం కూడా ఉండటంతో, పాత బిల్లు మీద ముద్రించిన నంబరుకు నేనే ఫోన్ చేసి అడిగాను. ఆఫర్ నిజమేనని అక్కడ చెప్పారు.

ఈ రోజుతో ఆఖరన్న ఆఫర్ నాలుగు రోజుల తర్వాత ఈమెయిల్‌లో వచ్చింది. పాత ధర మొదటి మూడు నెలలకే. నాలుగో నెల నుంచి 999 రూపాయలు, జీఎస్టీతో 1,178 రూపాయల 82 పైసలు. ఏడాది వరకు మానుకోవడానికి వీల్లేదు, కొత్త రౌటర్‌కు 1,500 రూపాయల డిపాజిట్ కట్టాలి, ఒకసారి మారితే పాత ప్లాను మళ్లీ ఇవ్వరు. లెక్క వేసి చూస్తే మొదటి ఏడాదిలోనే 4,248 రూపాయలు అదనం. ఈ షరతులలో ఒక్కటి కూడా ఫోన్‌లో చెప్పకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

అసలు మాకు అంత వేగం అవసరమా అన్నది కూడా తేల్చుకోదలచాను. లోపలి గదిలో మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు తరచూ ఆగిపోతున్నాయన్నది వాస్తవం. లైను చూడటానికి వచ్చిన టెక్నీషియన్ నా ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి పరీక్షించగా వేగం 94 దగ్గర ఆగింది. “లైను మంచిగనే ఉంది సార్, ఈ డబ్బాకున్న పోర్టే వందది” అన్నాడు. అంటే రౌటర్‌లో కేబుల్ పెట్టే చోటే వంద ఎంబీపీఎస్‌కు మించి ఇవ్వలేదు, లోపం మాకు వచ్చే వేగంలో లేదు. హాల్లో టీవీ వెనక పెట్టిన రౌటర్ నుంచి రెండు గోడలు దాటేసరికి వైఫై బలహీనపడుతోంది. పది మీటర్ల కేబుల్ కొని రౌటర్‌ను నడవాలోకి మార్చాము, క్లాసులు ఆగడం మానేశాయి.

ఆఫర్ వద్దని ఈమెయిల్‌లో స్పష్టంగా రాశాను. అయినా తరువాతి బిల్లులో కొత్త ప్లాను పేరు కనిపించింది. మొత్తం మాత్రం అదే 706.82. అంకె ఒక్కటే చూసి డబ్బు కట్టేసేవారికి నాలుగో నెల దాకా ఈ మార్పు తెలిసే అవకాశమే లేదు. ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకున్నాను. ఏమీ మారకుండానే మూడు రోజులకు ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది.

టెలికాం సంస్థలను నియంత్రించే ట్రాయ్ వినియోగదారుల విడి ఫిర్యాదులను స్వయంగా విచారించదు. అయితే అది 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ కాల్ సెంటర్‌కు పైన ఒక అప్పీలు అధికారి ఉండాలి. ఫిర్యాదుకు సరైన పరిష్కారం దొరకకపోతే 30 రోజులలోపు ఆ అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు, 39 రోజులలోపు దానిని తేల్చాలి. ఓటీపీ మెసేజ్ ఫోటోను, వద్దని నేను రాసిన ఈమెయిల్‌ను జతచేసి, నేను అంగీకరించినట్టు మీ దగ్గర ఉన్న ఆధారం చూపండి అని ఒక్కటే అడిగాను. ఆధారమేదీ చూపలేదు. పదకొండో రోజున పాత ప్లానును పునరుద్ధరించినట్టు ఉత్తరం వచ్చింది.

మా పై అంతస్తులోని ఆంటీ ఇదే ఫోన్‌కు ఓటీపీ చెప్పేశారు. ఆవిడ దగ్గర ఈమెయిల్ కూడా లేదు కాబట్టి ఆవిడ పని నా పనికన్నా కష్టం. నిన్న సాయంత్రం బిల్లులు తెచ్చి చూపించారు. మూడో నెల బిల్లు మీద ఇంకా 706.82 అనే ఉంది. ఆవిడ ఫోన్ నుంచే కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి, షరతులు చెప్పకుండా ఓటీపీ తీసుకున్నారని, ఆ రోజు సంభాషణ రికార్డింగ్ ఇవ్వాలని ఫిర్యాదు నమోదు చేయించాను. డాకెట్ నంబరును, అప్పీలుకు ఆఖరి తేదీని ఆ బిల్లు వెనకే రాసి ఆవిడ చేతికిచ్చాను.