బాలాపూర్ క్యాంపులో ఎర్ర అట్ట నోటుబుక్కు

కోఠి నుంచి చాంద్రాయణగుట్ట దాకా సిటీ బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. దారిలో బార్కస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లే నోట్లో నలిగి ఆ పేరయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఈ రోడ్డుకు కొత్త కాదు. ఎర్రకుంట దాటి, లడ్డూ వేలంపాటతో అందరికీ తెలిసిన బాలాపూర్ వైపు వెళ్తే బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల గుడిసెలు కనిపిస్తాయి.

ఉదయం ఏడింటికల్లా చేరాం. పొద్దెక్కితే మగవాళ్లు కూలీ అడ్డాకు వెళ్లిపోతారు. వెళ్లదలచినవాళ్లు క్యాంపు బాధ్యుడికి ముందే ఫోన్ చేయాలి, ఫోటోలు తీయకూడదు. ఇక్కడివాళ్ల బంధువులు ఇంకా బర్మాలోని రఖైన్ రాష్ట్రంలో ఉన్నారు. ఒక ముఖం బయటపడితే అక్కడ ఎవరికి ముప్పో చెప్పలేం.

క్యాంపులో అందరూ భాయ్ అని పిలిచే ఆ బాధ్యుడు రఖైన్‌లో 2012 అల్లర్ల తర్వాత బంగ్లాదేశ్ మీదుగా వచ్చారు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం గుర్తించిన జాతుల్లో రోహింగ్యాలు లేరు కాబట్టి చేతిలో ఏ దేశపు కాగితమూ లేదు. నాయకత్వం ఎవరో ఇచ్చింది కాదు. రోహింగ్యా భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ మాటకు దగ్గర, మన ఉర్దూకు దూరం. కూలిపనిలో ఉర్దూ పట్టుకున్నాక పక్క గుడిసెవాళ్లు పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి తోడు రమ్మన్నారు, తర్వాత నీలోఫర్‌కు, ఆ తర్వాత బడికి. మాట తెలిసినవాడి చుట్టూ జనం చేరారు. 2017 ఆగస్టు తర్వాత రఖైన్ నుంచి ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వాళ్లలో కొందరు ఇటు కూడా వచ్చేసరికి ఎర్ర అట్ట నోటుబుక్కు సిద్ధంగా ఉంది.

కొత్త కుటుంబం దిగగానే బియ్యం, దుప్పట్లు చుట్టుపక్కలవాళ్లే సర్దుతారు. భాయ్ మాత్రం ముందు ఆ నోటుబుక్కులో పేర్లు రాస్తారు. మా లెక్కలో ఈ పనికి మించింది లేదు. రోహింగ్యాలకు ఇంటిపేరుండదు, భార్య పేరుకు భర్త పేరు తగలదు. మన ఫారాల్లోనేమో ఆ గళ్లన్నీ నింపాలి. ఆసుపత్రి చీటీలో నూర్, టీకా కార్డులో నూరా, యూఎన్ శరణార్థి కార్డులో నూరు అని పడితే ఒకే మనిషి ముగ్గురైపోతుంది. అందుకే ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కసారి ఖాయం చేసి, చిన్న చీటీ మీద రాసి చేతికిస్తారు. ఏ కౌంటర్ దగ్గరైనా నోటితో చెప్పొద్దు, చీటీ చూపించాలి.

తర్వాత ఐక్యరాజ్య సమితి శరణార్థుల విభాగంలో నమోదు: కుటుంబంలో ప్రతి ఒక్కరి వివరాలు, ఫోటో. దరఖాస్తు పరిశీలనలో ఉన్నట్టు కాగితం వస్తుంది, ఇంటర్వ్యూ జరుగుతుంది, అంగీకరిస్తే కార్డు. గడువు దాటకముందే దాన్ని కొత్తది చేయించుకోవాలి. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఆ కార్డు పౌరసత్వం కాదు, ఆధార్ కూడా కాదు. ఇక్కడ పని ఎక్కువగా చెడేది ఫోన్ నంబర్ దగ్గర. సొంత పేరు మీద సిమ్ దొరక్క ఎవరిదో వాడతారు, అది ఆగిపోతుంది, ఇంటర్వ్యూ పిలుపు తప్పిపోతుంది. నోటుబుక్కులో ప్రతి కుటుంబానికీ రెండు నంబర్లుంటాయి. రెండోది క్యాంపులో ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లది.

మూడో దేశానికి పంపిస్తామని డబ్బడిగే దళారులు వస్తూనే ఉంటారు. ప్రపంచం మొత్తం మీద ఏటా ఆ అవకాశం దక్కేది శరణార్థుల్లో నూటికి ఒక్కరికంటే తక్కువమందికి, దానికి ఫీజు లేదు. ఈ మాట మొదటి రోజే చెప్పాలి. ఆలస్యమైతే అప్పు చేసి కట్టేస్తారు.

బడి సంగతి కాస్త నయం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు. పిల్లవాణ్ణి చేర్చాక నెల రోజులు ఎవరైనా రోజూ వెంట వెళ్లాలంటారాయన. పాఠం అర్థం కాని పిల్లవాడు చాలాసార్లు రెండో వారంలోనే చిత్తుకాగితాల సంచి భుజాన వేసుకుంటాడు.

గుడిసెలు వెదురు, టార్పాలిన్‌వి. నేలను రెండు వరుసల ఇటుకల ఎత్తు లేపకపోతే వానాకాలం నీళ్లు లోపలికే. అంతకన్నా భయం కరెంటుది. అతుకుల తీగ వేడెక్కిందంటే ప్లాస్టిక్ పైకప్పు నిమిషాల్లో అంటుకుంటుంది. తీగ టార్పాలిన్‌కు ఆనకుండా వెదురుకు కట్టించడం, సందు చివర ఇసుక బకెట్లు పెట్టించడం కూడా ఆయన పనే.

అన్నిటికన్నా ఆయన వదలనిది జనన నమోదు. పుట్టిన 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు. 30 రోజులు దాటితే అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఒక ఆసుపత్రిలో తల్లి పేరు తప్పుగా పడితే దిద్దించడానికి నాలుగు కూలిరోజులు పోయాయట. తల్లిదండ్రులకు ఏ దేశమూ ఇవ్వని కాగితం ఈ బిడ్డకు దొరుకుతుంది. పౌరసత్వం రాదు, నిజమే. కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి పుట్టిందో ప్రభుత్వ ముద్రతో ఉంటుంది.

మేం బయల్దేరేసరికి గుడిసె గోడకున్న క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. పక్క సందులో బిడ్డ పుట్టి పదమూడు రోజులు. తండ్రి చేతిలో పేరు చీటీ పెట్టి, అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో చూపించి చదివిస్తున్నారు.