రింకు బయట హాకీ కసరత్తు: ఈ వేసవి నా అనుభవం

విజయవాడలో ఐస్ రింకు లేదు. ఇక్కడ మేం ఆడేది చక్రాల మీది హాకీ. అయినా మంచు మీద ఆడేవాళ్ల కసరత్తే మాకూ పనికొస్తుంది. రెండింట్లోనూ కాలిని పక్కకు తోస్తాం, తోసిన కాలిని గజ్జల్లోని కండరాలు ఆపి లోపలికి లాక్కొస్తాయి. పట్టేసేదీ అక్కడే. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ఆటగాళ్ల మీద 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, కాలిని లోపలికి లాగే బలం బయటికి తోసే బలంలో 80 శాతం కన్నా తక్కువున్నవాళ్లకు ఈ గాయం ముప్పు 17 రెట్లు ఎక్కువని తేలింది. ఈ వేసవి నా కసరత్తంతా ఆ లెక్క మీదే నడిచింది.

వారానికి మూడు రోజులు, పొద్దున్నే ఐదున్నరకు డాబా మీద. మే నెలలో ఎనిమిది దాటాక అక్కడ ఉండలేం. పక్కన ఉప్పేసిన మజ్జిగ చెంబు తప్పనిసరి. రబ్బరు బ్యాండును మాత్రం డాబా మీద వదిలేయకండి, ఎండకు పగుళ్లొచ్చి లాగేటప్పుడు తెగుతుంది.

ఒళ్లు వేడెక్కగానే పక్కకు దూకడం: ఒంటికాలి మీద దిగి రెండు సెకన్లు కదలకుండా నిలవాలి, ఒక్కో వైపు 4 చొప్పున 3 సెట్లు. అలసిపోయాక చేస్తే మోకాలు లోపలికి పడిపోతుంది, కాబట్టి ఇది ముందే.

తర్వాత డెడ్ బగ్. వెల్లకిలా పడుకుని, చేతులూ మడిచిన కాళ్లూ పైకెత్తి, ఊపిరి పూర్తిగా వదులుతూ ఎదురు చెయ్యీ కాలూ నెమ్మదిగా దించాలి, ఒక్కో వైపు 6. నడుం నేల నుంచి లేచిందంటే పొట్ట పట్టు వదిలేసినట్టే, కాలిని అంత కిందికి దించొద్దు. ఆ తర్వాత పాలాఫ్ ప్రెస్. బ్యాండును ఛాతీ ఎత్తులో కిటికీ ఊచకు కట్టి, దానికి పక్కగా నిలబడి, రెండో కొసను ఛాతీ దగ్గర పట్టుకుని, రెండు చేతులూ ముందుకు చాపి 3 సెకన్లు ఆపాలి, ఒక్కో వైపు 8. ఒళ్లు బ్యాండు వైపు తిరిగిపోతుంటే బ్యాండు గట్టిదని అర్థం. షాట్ కొట్టేటప్పుడూ, ఎవరైనా భుజంతో నెట్టినప్పుడూ నడుం చేయాల్సిన పని ఇదే: తిరగకుండా నిలబడటం. క్రంచెస్‌తో ఇది రాదు.

అన్నిటికన్నా కష్టమైంది, నా లెక్కలో అన్నిటికన్నా విలువైంది కోపెన్‌హాగన్ అనే గజ్జల కసరత్తు. పక్కకు తిరిగి మోచేతి మీద ఆని, పైకాలి మోకాలిని బెంచీ మీద పెట్టి నడుం లేపాలి. మొదట 5 చొప్పున 2 సెట్లు చాలు. ఒకేసారి పాదాన్ని బెంచీ మీద పెట్టి మొదలుపెట్టేవాళ్లకు తొడ లోపలివైపు నాలుగు రోజులు నొప్పి పోదు. మోకాలితో 10 శుభ్రంగా వచ్చాకే పాదానికి మారాలి. వారానికి రెండుసార్లు మించొద్దు, ఆట ముందురోజు అసలొద్దు.

కాళ్లకు బల్గేరియన్ స్క్వాట్ (వెనక పాదాన్ని బెంచీ మీద పెట్టి ముందుకాలి మీద కూర్చుని లేవడం), ఒక్కో కాలికి 8 చొప్పున 3 సెట్లు. పక్కకు జారే కసరత్తుకు వాడే నున్నటి పలక, స్లైడ్ బోర్డు, కొననక్కర్లేదు: ఇంట్లో గ్రానైట్ నేల మీద ఒక పాదం కింద పాత తువ్వాలు వేసుకుని, కాలిని పక్కకు జార్చి మళ్లీ దగ్గరికి లాగితే చాలు. రెండో కాలికి చెప్పు ఉండాలి, లేకపోతే అదీ జారుతుంది.

మళ్లీ స్కేట్లు కట్టిన వారం కోపెన్‌హాగన్ ఒక్క సెట్టుకు తగ్గించాను, డెడ్ బగ్, పాలాఫ్ మాత్రం యథాతథం.