మడకర్ర కొలతకు కట్టిన ఊరు

కెన్యా అనగానే మనవాళ్ళకు సింహాలు, సఫారీ జీపులే గుర్తొస్తాయి. నేను మాత్రం నైరోబీలో చిన్న విమానం ఎక్కి నేరుగా లాము వెళ్ళాను. సముద్ర తీరంలో ఓ దీవి మీదున్న పాత ఊరు అది. విమానం ఆగేది పక్కనున్న మాండా దీవిలో. అక్కడ పడవెక్కి సముద్రపాయ దాటితే ఊరి రేవు. మొంబాసా నుంచి, దీవికి ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న మొకోవే రేవు దాకా బస్సులూ ఉన్నాయి. కానీ ఆ ప్రాంతంలో గతంలో సాయుధుల దాడులు జరిగాయి, దారిలో తనిఖీలు ఉంటాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు అప్పటి పరిస్థితి కనుక్కుని బయలుదేరడం మంచిది.

రేవులో దిగగానే గైడుగా వస్తామంటూ కుర్రాళ్ళు చుట్టుముడతారు. మర్యాదగా వద్దంటే వదిలేస్తారు. దారి తప్పుతామన్న టెన్షన్ అక్కర్లేదు. ఊరు ఒడ్డు వెంబడి పొడుగ్గా సాగి, లోపలికి పోయేకొద్దీ కాస్త ఎత్తుకు లేస్తుంది. పల్లానికి నడిస్తే సముద్రమే. కొన్ని సందుల్లో చేతులు చాపితే రెండు పక్కల గోడలూ తగులుతాయి. కార్లు పట్టవు. ఇసుక, సున్నం, రాళ్ళు, బస్తాలు, అన్నీ గాడిదల మీదే. వెనక నుంచి "పుండా!" (ఇక్కడి స్వాహిలీ భాషలో గాడిద) అని కేక వినబడితే గోడకు ఒదిగి దారివ్వాలి. ఇంత చాకిరీ చేసే ఆ మూగజీవాలకు రేవు మీదే ఒక ఆసుపత్రి ఉంది. 1987 నుంచీ నడుస్తోంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇళ్ళే. బయటికి అన్నీ కిటికీల్లేని మొండి గోడలు. వాటి మధ్య చెక్కడం పని నిండిన తలుపు, దాని ముందు మన వీధి అరుగుల్లాంటి రాతి అరుగులు. సాయంత్రం మగవాళ్ళు అక్కడే కాఫీ తాగుతూ కూర్చుంటారు, తెలియనివాళ్ళను కూడా పిలిచి పక్కన చోటిస్తారు. ఇంటి లోపల చూడాలంటే పాత స్వాహిలీ ఇంటిని మ్యూజియంగా మార్చిన చోటికి వెళ్ళాలి. గదులన్నీ పొడుగ్గా, సన్నగా ఉంటాయి. కారణం పైకప్పులో కనిపిస్తుంది. గోడలు పగడపు రాయీ సున్నమూ, వాటి మీద అడ్డంగా వేసిన దూలాలు మడచెట్ల కర్రలు. ఆ కర్ర ఎంత పొడుగొస్తే గది అంతే వెడల్పు, సుమారు మూడు మీటర్లు. ఊరంతా ఆ కొలతకే కట్టారు.

అన్నిటికంటే లోపలి గది గోడ నిండా సున్నంతో తీర్చిన చిన్న చిన్న గూళ్ళు, వరసమీద వరస. ఒకప్పుడు చైనా పింగాణీ వాటిలో పెట్టేవారు. స్నానాల గదిలో నీళ్ళ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దోమపిల్లలను తినడానికి అందులో చిన్న చేపలు వదిలేవారు. తొట్టి అడుగున ఒక పింగాణీ గిన్నె పొదిగి ఉంది. నీళ్ళు అడుగంటినా చేపలు ఆ గిన్నెలో బతకాలని! ఇల్లు కట్టేటప్పుడే చేపల గురించి కూడా ఆలోచించినవాళ్ళు వీళ్ళు.

ఊరి నడిబొడ్డున ఉన్న కోటకు పునాది వేయించింది, పక్కనున్న షెలా గ్రామం దగ్గర జరిగిన యుద్ధం. మొంబాసాను ఏలే మజ్రుయీ వంశంవాళ్ళూ దగ్గర్లోని పాటె దీవివాళ్ళూ కలిసి దండెత్తితే లాము గెలిచింది, ఆపైన ఒమాన్ అండతో 1821 నాటికి కోట పూర్తయింది. 1910 నుంచి 1984 దాకా అది జైలు. ఇక్కడి సంపదలో ఏనుగు దంతాలు, మడకర్రలతో పాటు బానిసల చెమటా ఉంది. ఈ తలుపుల అందం చూసి మురిసేటప్పుడు ఆ మాట మరిచిపోకూడదు. 1907లో బానిసత్వం రద్దయింది, రైలు మార్గంతో వ్యాపారం మొంబాసాకు తరలింది, లాము చితికిపోయింది. కొత్త భవనాలకు డబ్బులేక పాత ఊరు పాతగానే నిలిచింది. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

తిండికి మనకు ఇబ్బంది లేదు. పొద్దున్నే కొబ్బరిపాలలో ఉడికించిన కందులు, నూనెలో వేయించిన తియ్యటి రొట్టె, వేడి వేడి మహామ్రి. మధ్యాహ్నం చేప, పిలావు. ముస్లింల ఊరు కాబట్టి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. ఎవరినైనా ఫొటో తీసేముందు అడగాలి, ముఖ్యంగా ఆడవాళ్ళను. షెలా బీచ్‌కు ఒడ్డువెంట ఓ నలభై నిమిషాల నడక. పోటు సమయం ముందే కనుక్కుంటే మేలు. బీచ్ బాగుంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

దిగులు కలిగించే సంగతి కొత్త రేవు. ప్రధాన భూభాగంవైపు కట్టిన పెద్ద ఓడరేవులో ఓడలు ఆగే మొదటి బెర్తు 2021లో మొదలైంది. వేట దెబ్బతిన్నదని జాలర్లు కోర్టుకెక్కితే 2018లో నష్టపరిహారం ఇమ్మని తీర్పొచ్చింది. పక్కనే తలపెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం అనుమతిని 2019లో పర్యావరణ ట్రిబ్యునల్ రద్దు చేసింది. కెన్యా మడ అడవుల్లో సగానికి పైగా ఈ జిల్లాలోనే ఉన్నాయి. అవి పోతే చేపా పోతుంది, ఈ ఇళ్ళకు కప్పూ పోతుంది.

బీచ్ రిసార్టుల్లో కాకుండా పాత ఊళ్ళోనే దిగండి. నేనున్నది గెస్ట్‌హౌస్‌గా మార్చిన ఒక పాత ఇల్లు. మేడ మీద ఒకపక్క పుచ్చిన దూలాలు తీసి కొత్త మడకర్రలు వేస్తున్నారు. ఆ ఖర్చంతా గదుల అద్దెల నుంచే వస్తోందని యజమాని చెప్పారు.