లెదర్ సీట్లకి కండిషనర్ ఎంచుకున్న తీరు: చెన్నైలో నా అనుభవం

సెకండ్ హ్యాండ్‌లో మేం కొన్న సెడాన్‌కి ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. సీట్లనే ఎవరూ పట్టించుకోలేదు. లేత గోధుమ రంగు లెదర్. డ్రైవర్ సీటుకి తలుపు వైపు ఎత్తుగా ఉండే అంచు నల్లబడి జిడ్డుగా మెరుస్తోంది. వెనక సీటులో ఎండ పడే మూల గట్టిపడింది. మేముండే కొళత్తూరులో కారు ఆరుబయటే పెట్టుకోవాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, మిగతా రోజుల్లో ఉక్కపోత. ఈ వాతావరణంలో ఆ సీట్లు పదికాలాలు నిలవాలంటే ఏ కండిషనర్, అంటే తోలు మెత్తగా ఉండేందుకు పైన రాసేది, వాడాలో తేల్చుకోవాలనుకున్నాను.

చెన్నైలో కారు సామాన్లంటే ముందు గుర్తొచ్చేది జీపీ రోడ్డు. అక్కడ ఒక షాపులో అడిగితే చిక్కటి క్రీము, పల్చటి లోషన్, స్ప్రే, డబ్బాలో నూనె వరసగా ముందు పెట్టారు. అన్నిటి మీదా లెదర్ కండిషనర్ అనే రాసి ఉంది. షాపులో కుర్రాడు ఒక తోలు ముక్క మీద స్ప్రే కొట్టి తుడిచి, "సార్, ఇదే బాగా అమ్ముడుపోతుంది, కొత్త సీటులా మెరుస్తుంది" అన్నాడు. నిజంగానే మెరిసింది. వేలితో రాస్తే జర్రున జారింది. సీసా వెనక చూస్తే సిలికాన్ అని ఉంది. అయితే షోరూమ్‌లో కొత్త కారు ఎక్కి చూడండి, లెదర్ సీటు ఎక్కడా అలా మెరవదు. మెరుపు కనబడిందంటే పైన ఏదో పేరుకుందన్నమాట, అది జిడ్డైనా కావచ్చు, సిలికానైనా కావచ్చు. ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఆ రాత్రి మా బామ్మర్దికి ఫోన్ చేశాను. రాణిపేటలో టానరీలో, అంటే తోళ్లు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో, ఫినిషింగ్ సెక్షన్‌లో పని చేస్తాడు. అడయార్‌లో 1948 నుంచీ ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో శిక్షణ తీసుకున్నవాడు. నేను కంపెనీల పేర్లు చదవడం మొదలుపెట్టగానే ఆపేశాడు.

"బావా, ముందు అది తోలో రెగ్జినో చూశావా?"

ఈ ప్రశ్న అందరూ వేసుకోవాలి. మన దగ్గర లెదర్ సీట్లని చెప్పుకునే చాలా కార్లలో ఉండేది లెదరెట్, అంటే మనవాళ్లు రెగ్జిన్ అనేదే. పైనుంచి చూసి కనిపెట్టడం కష్టం, దాని మీద తోలు గీతలు అచ్చు గుద్దేస్తారు. తిరగేసి చూడాలి. వెనక సీటు కింది భాగాన్ని క్లిప్పులు వదులు చేసి లేపి, టార్చి వేసి అంచులు చూశాను. మనిషి కూర్చునే మధ్య భాగం అడుగున పీచుపీచుగా, గరుకుగా ఉంది. అది తోలు. పక్కల ముక్కల అడుగున మాత్రం అల్లిన బట్ట కనబడింది, అంటే రెగ్జిన్. ఒంటికి తగిలే చోట తోలు, తగలని చోట రెగ్జిన్ వేయడం కంపెనీలకి మామూలేనట. ఆ రెగ్జిన్ భాగానికి లెదర్ కండిషనర్ రాసి లాభం లేదు, తడిబట్టతో తుడుచుకుంటే చాలు.

తోలు అని తేలాక, దాని మీద పూత ఉందో లేదో చూడమన్నాడు. మధ్య భాగంలో ఒక నీటి చుక్క వేశాను. గుండ్రంగా నిలబడింది. కాసేపాగి తుడిస్తే మచ్చ కూడా లేదు. పూత లేని తోలైతే చుక్కని పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది.

"అదే బావా, నువ్వు రాసేది తోలుకి కాదు, పైనున్న పూతకి" అన్నాడు.

తర్వాత వాడు చెప్పింది నా ఆలోచననే మార్చేసింది. తోలుకి కావలసిన నూనెల్ని టానరీలోనే, పెద్ద డ్రమ్ముల్లో తిప్పుతూ, నీళ్లలో కలిపి లోపలికి పట్టిస్తారు. ఆరాక పైన రంగు పూత, దాని మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తారు. ఈ రోజుల్లో కారు సీట్లకి వాడే తోలు చాలావరకు ఇలాంటిదే. ఆ పూత బాగున్నంత కాలం మనం పైన ఏం రాసినా లోపలికి దిగేది బహు తక్కువ. మరి కండిషనర్ ఎందుకంటే, పూత అరిగిన చోట, కుట్ల దగ్గర, సన్న మడతల్లో కొంత దిగుతుంది. పైభాగం మృదువుగా ఉండి బట్టల రాపిడి తగ్గుతుంది. అంతవరకే. తోలుకి తిండి పెడుతుంది, పగుళ్లు మాన్పుతుంది అని సీసాల మీద రాసేదంతా నమ్మక్కర్లేదు.

ఇది వినగానే మా మావయ్యగారి సలహా కూడా తేలిపోయింది. ఆయన ఆముదం రాయమన్నారు. ఊళ్లో కిర్రు చెప్పులకి ఆయన ఆముదమే పట్టించేవారు, అవి ఏళ్ల తరబడి మన్నేవి కూడా. అది పూత లేని తోలు, తాగుతుంది. గుర్రపు జీన్లకి రాసే నీట్స్‌ఫుట్ నూనెదీ ఇదే సంగతి. కారు సీటు మీద అదే నూనె పైనే నిలిచి దుమ్ముని పట్టుకుంటుంది, కుట్లలోకి పాకుతుంది, వానాకాలంలో బూజుకి ఆహారమవుతుంది.

కాబట్టి ముందు చెయ్యాల్సింది శుభ్రం చెయ్యడం. దీనికి నేను ఎంత ప్రాధాన్యం ఇస్తానంటే, డబ్బులు ఒక్క సీసాకే సరిపోతే క్లీనర్ కొనమంటాను. తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ 4, 5 దగ్గర. ఒంటి సబ్బు 9, 10 దగ్గర, అంటే క్షారం వైపు ఉంటుంది, అందుకే అది పనికిరాదు. 2020 నుంచి కారులో శానిటైజర్ పెట్టుకోవడం అలవాటైంది కదా, దానితో సీటు తుడిచేవాళ్లున్నారు. ఆల్కహాల్ ఆ పూతనే తినేస్తుంది, దయచేసి ఆ పని చెయ్యకండి. లెక్సాల్, కలర్‌లాక్ లాంటి బ్రాండ్లలో తోలు కోసమే తయారుచేసిన క్లీనర్ విడిగా దొరుకుతుంది. శుభ్రం చేసేది, కండిషన్ చేసేది రెండూ ఒకే సీసాలో ఉన్న రకాలు నాకు నచ్చలేదు. మురికి మీదే క్రీము పూసినట్టవుతుంది.

మెత్తటి బ్రష్ మీద నురగ తీసుకుని, నల్లబడిన అంచు మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పాను. తెల్ల నురగ కాసేపట్లోనే టీ డికాషన్ రంగుకి వచ్చింది. తుడిచాను, మళ్లీ రుద్దాను. ఒక్కో విడతకీ గుడ్డ మీద మరక తేలికపడుతూ వచ్చింది. చివరికి ఆ మెరుపు పోయి అసలు గోధుమ రంగు, తోలు మీది సన్న గీతలు బయటపడ్డాయి. గట్టిపడిందనుకున్న చోట కూడా సగం గట్టితనం చెమట, జిడ్డు ఎండి పేరుకున్నదే. కండిషనర్ ఇంకా మూత తియ్యకముందే సీటు మెత్తబడింది.

ఇక కండిషనర్‌కి నేను పెట్టుకున్న షరతులు: నీటి ఆధారితమై ఉండాలి, సిలికాన్ ఉండకూడదు, ఆరాక జిడ్డు మిగలకూడదు. సిలికాన్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రేపు సీటుకి మళ్లీ రంగు వేయించాలంటే సిలికాన్ ఉన్న చోట రంగు సరిగ్గా పట్టదు. ఈ లెక్కకి సరిపోయిన రెండు రకాల చిన్న సీసాలు తెచ్చి, వెనక సీటు ఆర్మ్‌రెస్ట్ మడిస్తే కనబడని చోట పక్కపక్కన రాసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తెల్ల రుమాలుతో రుద్దితే మొదటిది ఇంకా వేలికి అంటుకుంటోంది, రంగు కూడా ఒక ఛాయ ముదిరింది. రెండోది, పల్చటి లోషన్, రాసినట్టే తెలియలేదు. దాన్నే ఎంచుకున్నాను.

సీటుకి సన్న రంధ్రాలున్నవాళ్లు నేరుగా సీటు మీద పొయ్యకండి, రంధ్రాలు పూడుకుపోతాయి. బట్ట మీద కొద్దిగా వేసుకుని పల్చగా రాసి, కాసేపాగి పొడిబట్టతో తుడిచెయ్యాలి. నీడలో చెయ్యాలి. ఎండాకాలం ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి రాస్తున్నాను, అంతకంటే అవసరం కనబడలేదు. అద్దానికి సన్‌షేడ్ మాత్రం రోజూ పెడుతున్నాను. ఎండని ఏ లోషనూ సన్‌షేడంత బాగా ఆపదు.

డ్రైవర్ సీటు అంచు మీద మురికి పోయాక రెండు మూడు సన్న పగుళ్లు కనబడ్డాయి. వాటికి కండిషనర్ పనికిరాదు, పగుళ్లు పూడ్చే ఫిల్లర్ పెట్టి రంగు వెయ్యాలి. పుదుపేటలో సీట్లు కుట్టే ఒకాయనకి చూపించాను, నెల్లూరాయన. "ఇప్పుడే ముక్క మార్చక్కర్లేదు సార్, పూత లేచినప్పుడు తీసుకురండి" అన్నారు. ప్రస్తుతానికి అలాగే వదిలేశాను.