ఆవిరితో నడిచే యాపిల్ గానుగ

నిన్న కనెటికట్ రాష్ట్రంలో, ఓల్డ్ మిస్టిక్‌లోని బి.ఎఫ్. క్లైడ్స్ సైడర్ మిల్లుకు వెళ్లాను. 1881లో మొదలైన పని. నేటికీ అదే కుటుంబం చేతిలో ఉంది, నేటికీ ఆవిరి యంత్రంతోనే నడుస్తోంది! 1994లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం దీన్ని చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

యాపిళ్లు నలిగి ముద్దయ్యాక, ఆ ముద్దను గుడ్డల్లో చుట్టి పొరలు పొరలుగా పేర్చారు. పైనుంచి మర బిగిసేకొద్దీ నాలుగు వైపులా రసం ధార కట్టింది. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. (ఇక్కడ సైడర్ అంటే సాధారణంగా పులియని రసమే. పులిసినదాన్ని హార్డ్ సైడర్ అంటారు.)

ఆ పిప్పి వాసనకు అనకాపల్లి దగ్గర తాతయ్య చెరకు గానుగ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మాది నిలబడలేదు. నాన్న తరం ఉద్యోగాలకు వెళ్లింది, గానుగ పాత ఇనుముకు పోయింది. ఎవరినీ తప్పుపట్టను. కానీ నూట నలభై ఏళ్లు దాటినా పొయ్యి ఆరనివ్వని ఈ ఇంటివాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రాత్రి అమ్మకు ఫోను చేసి, తాతయ్య గానుగ ఫొటో ఏదైనా ఉందేమో వెతకమన్నాను.