లూయీసా ఆల్‌బరీ ఇంటిపేర్లు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి బ్లూ మౌంటెన్స్ కొండలు దాటి వాయవ్యంగా సుమారు 260 కిలోమీటర్లు వెళితే మడ్జీ అనే పట్టణం వస్తుంది. ఆ పక్కనే ఉన్న యురండరీలో ఒక పాత ఇంటి పొగగొట్టం నిలిచి ఉంది. ఇల్లు ఎప్పుడో పోయింది. ఆ స్థలాన్ని కవి, కథకుడు హెన్రీ లాసన్ స్మారకంగా కాపాడుతున్నారు. ఒకప్పుడు పది డాలర్ల నోటు మీద ఆయన బొమ్మను ముద్రించిన దేశం కనుక అది సహజమే. అయితే ఆ ఇంటిని నడిపిన ఆయన తల్లి లూయీసా పూర్వీకుల జాడ తెలుసుకోవాలని కొన్ని నెలలుగా పాత రికార్డులు చదువుతున్నాను. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు మా ఇంట్లో ఈనాడు చెప్పగలిగేవారు ఎవరూ లేరు. బహుశా ఈ పనిలో నాకు కలిగిన పట్టుదలకు కారణం అదే.

లూయీసా 1848 ఫిబ్రవరి 17న మడ్జీ దగ్గరి గుంటవాంగ్‌లో పుట్టింది. ఆమె తండ్రి హెన్రీ ఆల్‌బరీ గొర్రెల, పశువుల క్షేత్రాలలో కూలిపని చేసేవాడు. తల్లి హారియెట్ విన్ కుట్టుపని చేసేది. ఇద్దరూ ఇంగ్లండులోని కెంట్ నుంచి వచ్చినవారే. వారి పన్నెండుమంది సంతానంలో లూయీసా రెండవది. సిడ్నీ, మడ్జీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ప్రభుత్వం జనన మరణాలను నమోదు చేయడం 1856 మార్చి 1న మొదలైంది కాబట్టి, అంతకు ముందు పుట్టినవారి కోసం వెతికేవారికి చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లే దిక్కు. గ్రామాలు విసిరేసినట్టుండే ఆ ప్రాంతంలో పాదిరి ఎప్పుడు వస్తే అప్పుడే బాప్తిస్మం జరిగేది. అందువల్ల రిజిస్టరులోని తేదీని పుట్టిన తేదీగా భావిస్తే లెక్క తప్పిపోతుంది.

1866 జులై 7న, పద్దెనిమిదేళ్ల వయసులో, మడ్జీలోని వెస్లియన్ అనే క్రైస్తవ శాఖ పాదిరి గృహంలో ఆమెకు వివాహం జరిగింది. వరుడు నీల్స్ హెర్ట్స్‌బర్గ్ లార్సెన్ నార్వే నావికుడు. 1855లో మెల్‌బోర్న్‌లో ఓడను విడిచిపెట్టి బంగారు గనుల వైపు వెళ్లిపోయినవాడు. మరుసటి ఏడాది గ్రెన్‌ఫెల్ గనుల దగ్గర పెద్దకొడుకు హెన్రీ పుట్టేనాటికి లార్సెన్ అన్న ఇంటిపేరు లాసన్‌గా మారిపోయింది. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకు కొత్త కాదు కానీ, మెట్టినింటి పేరు సైతం ఏడాది తిరగకముందే మరో రూపం దాల్చడంతో, వెతికేవారు ఒకే మనిషిని మూడు పేర్ల కింద వెతకవలసి వస్తుంది.

ఆ తరువాతి సంవత్సరాలలో ఆమె కాగితాలలో కనబడడం తగ్గిపోతుంది. ఆనాటి ఓటర్ల జాబితాలలో పురుషులే ఉండేవారు. భర్త పనుల మీద తరచూ ఇల్లు విడిచి వెళ్లినా, ఆ సంసారాన్ని లూయీసాయే ఈదినా, జాబితాలో ఆమె పేరుకు చోటు లేదు. 1881 జనాభా లెక్కలు ఆ లోటు తీర్చేవేమో, కానీ ఆ పత్రాలు 1882 సెప్టెంబరు 22న సిడ్నీ గార్డెన్ ప్యాలెస్ భవనంతో పాటు కాలిపోయాయి. ఈ ఒక్క అగ్నిప్రమాదం ఎన్ని పల్లె కుటుంబాల చరిత్రను మింగేసిందో తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అయితే న్యూ సౌత్ వేల్స్ పాత మరణ ధ్రువపత్రాలు మాత్రం వెతికేవారి పాలిట పెన్నిధి. చనిపోయిన వ్యక్తి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఏ ఊరిలో ఏ వయసులో ఎవరిని పెళ్లాడింది, పిల్లల పేర్లు, చనిపోయిన బిడ్డల లెక్క అన్నీ అందులో రాయడానికి గళ్లు ఉంటాయి. లూయీసాకు బతికి బట్టకట్టిన పిల్లలు నలుగురు. 1877లో పుట్టిన కవల ఆడపిల్లలలో ఒకరు పసితనంలోనే పోయింది. ఇటువంటి పసికందు ఉనికి చాలా కుటుంబాలలో ఆ ఒక్క గడిలోనే మిగులుతుంది. కాకపోతే ఆ వివరాలు చెప్పేది బతికున్నవారు; దుఃఖంలో వారు పొరబడే అవకాశం ఉంది కాబట్టి ప్రతి పేరునూ పెళ్లి రికార్డుతో సరిచూసుకోవాలి.

1883లో పిల్లలతో సిడ్నీ చేరిన లూయీసా, 1888 మే నెలలో ‘డాన్’ అనే స్త్రీల పత్రికను ప్రారంభించి 1905 వరకు నడిపింది. అక్షరాలు కూర్చే పని ఆడవారికే ఇచ్చి, అందుకు అచ్చుపనివారి సంఘం నుంచి ఎదురైన వ్యతిరేకతను తట్టుకుంది. మొదట ఆ పత్రిక సంపాదకురాలిగా ఆమె తనకు పెట్టుకున్న కలం పేరు డోరా ఫాల్కనర్. తండ్రి నుంచి గానీ భర్త నుంచి గానీ రాని పేరు అదొక్కటే. ప్రజల విరాళాలతో 2012లో ఆ సంచికలన్నీ ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో నడిపే ట్రోవ్ అనే భాండాగారంలో చేరాయి; ఇంట్లో కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు.

ఇప్పుడు హారియెట్ విన్ దగ్గర ఆగాను. ఇంగ్లండులో పౌర నమోదు 1837 జులైలో మొదలైంది. ఆమె అంతకు ముందే పుట్టింది. కనుక కెంట్ చర్చి రిజిస్టర్లను ఒక్కొక్క ఊరుగా చూస్తూ, విన్ అన్న పేరును ‘ఐ’తోనూ ‘వై’తోనూ రెండు విధాలుగా వెతుకుతున్నాను.